పాట మోసే తీగకు ఎంత పెట్టాలి?

యూసుఫ్‌గూడ నుంచి కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ వైపు వెళ్లే దారుల్లో తెలుగు సినిమా శబ్దం రోజూ తయారవుతుంటుంది. ఇటు అమీర్‌పేటలో సారథి స్టూడియోస్, అటు 1976లో మొదలైన అన్నపూర్ణ స్టూడియోస్, మధ్య సందుల్లో డబ్బింగ్ థియేటర్లు, పాటలు రికార్డు చేసే చిన్న గదులు. రికార్డింగ్ స్టూడియోలో గాయకుడి గొంతు మైకు నుంచి మిక్సింగ్ బోర్డు చేరేలోపు మీటర్ల కొద్దీ తీగ దాటాలి. అది కెనారె, మొగామి, బెల్డెన్ లాంటి కంపెనీలు చుట్టల లెక్కన అమ్మే రాగి తీగే. ఆ పాటే మన ఇంటికొచ్చాక, ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్ దాకా ఉన్న మీటరు దూరానికి వేలు పోసి కేబుల్ కొనాలంటారు. నేను ఒప్పుకోను. ఇంటి స్టీరియోకి మంచి కేబుల్ కావాలి, ఖరీదైన కేబుల్ అక్కర్లేదు. ఆ మంచితనం లోహం జాతిలో లేదు. పిన్నులో, షీల్డులో, సోల్డరింగులో ఉంది.

లెక్క వేసి చూద్దాం. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ దగ్గర నిరోధం సాధారణంగా 10 వేల నుంచి 50 వేల ఓమ్‌లు ఉంటుంది. మీటరు కేబుల్‌లో రాగి నిరోధం రానూపోనూ కలిపినా ఓమ్‌లో ఒకటి రెండు పదో వంతులే. 20 వేల ఓమ్‌ల ముందు అది మింగేది సిగ్నల్‌లో లక్షో వంతు. వెండి రాగి కంటే సుమారు 6 శాతం మెరుగైన వాహకం కనుక, వెండి తీగ కొంటే మిగిలేది ఆ లక్షో వంతులో 6 శాతం. ఇక కెపాసిటెన్స్. మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున మీటరున్నర కేబుల్, పంపే పరికరం అవుట్‌పుట్ నిరోధం 500 ఓమ్‌లు అనుకుంటే, సిగ్నల్ చెప్పుకోదగ్గంత పడిపోయేది 20 లక్షల హెర్ట్జ్ దగ్గర. మనిషి చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా కిందే. ఎంత ఖరీదైన కేబుల్ అయినా ఇక్కడ బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు.

అలాగని ప్లేయర్‌తో పాటు అట్టపెట్టెలో వచ్చే సన్నటి కేబులే చాలనడం లేదు. అలాంటివాటిలో ఒకదాన్ని కోసి చూస్తే లోపం కంటికే కనిపిస్తుంది. ప్లాస్టిక్ తొడుగు లావుగానే ఉంటుంది కానీ లోపల మధ్య తీగ వెంట్రుకల్లాంటి కొన్ని పోగులే. షీల్డు అల్లికగా ఉండదు, నాలుగు పోగుల్ని వదులుగా చుట్టేసి ఉంటారు. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ పోతపోస్తారు కాబట్టి అతుకు ఊడితే విప్పి బాగుచేసుకునే వీలుండదు. మంచి కేబుల్‌కి పిన్ను మర విప్పి చూడండి. మధ్య తీగ మెరిసే సోల్డరుతో అంటుకుని ఉంటుంది. దట్టంగా అల్లిన షీల్డు బయటి వలయానికి గట్టిగా అతికి ఉంటుంది. వెనక ఒక చిన్న లోహపు పట్టు తీగను బిగించి ఉంచుతుంది. ఎవరైనా పొరపాటున లాగినా బరువు అతుకు మీద పడదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే షీల్డు తీగ మీటర్ల లెక్కన, లోహపు ఆర్‌సీఏ పిన్నులు విడిగా దొరుకుతాయి. సోల్డరింగ్ తెలిసిన చెయ్యి తోడైతే జత కేబుళ్లు వందల్లోనే తయారవుతాయి. అయ్యాక మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడాలి, తీగను అటూ ఇటూ వంచుతూ మరోసారి చూడాలి. బీప్ తెగకపోతే ఆ అతుకును నమ్మొచ్చు.

‘లెక్కలదేముంది, కేబుల్ మార్చగానే తేడా నా చెవికే తెలిసింది’ అనేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని అనుకోను. కానీ పాత పిన్ను పీకి కొత్తది దూర్చేటప్పుడు సాకెట్ మీద పేరుకున్న చిలుము, దుమ్ము గీసుకుపోతాయి. అప్పుడు వినిపించే తేడా నిజమైనదే, దాని ఘనత మాత్రం కొత్త కేబుల్‌ది కాదు. పాతదాన్నే తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టినా అదే ఫలితం వస్తుంది. మళ్లీ వినేటప్పుడు వాల్యూమ్ అర డెసిబెల్ పెరిగినా మనకది ‘గట్టిగా’ అనిపించదు, ‘స్పష్టంగా’ అనిపిస్తుంది. ఈ చిక్కు విడదీయడానికి డేవిడ్ క్లార్క్ 1982లో అమెరికా ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వివరించిన ఏబీఎక్స్ పరీక్ష ఉంది. ఏ కేబుల్ మోగుతోందో వినేవాళ్లకు తెలియకూడదు, రెంటి స్థాయీ సమానంగా ఉండాలి. ఇంట్లో ఒకరు మారుస్తుంటే ఇంకొకరు వింటూ 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే, అప్పుడు ఆ కేబుల్‌కు డబ్బు పెట్టండి. చెప్పలేకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

‘స్టూడియో తీగకూ ఇంటి తీగకూ పోలికేమిటి’ అన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. స్టూడియోల్లోని ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో సిగ్నల్ రెండు తీగల్లో ఒకదానికొకటి తలకిందులుగా వెళ్తుంది. దారిలో రెంటికీ సమానంగా అంటిన రొద చివర తీసివేతలో పోతుంది. ఇంటి ఆర్‌సీఏకి ఆ రక్షణ లేదు, షీల్డే సిగ్నల్ తిరుగుదారి కూడా. ఇది నిజమే. అయితే దీన్నుంచి తేలేది కేబుల్ పొట్టిగా ఉండాలని, షీల్డు దట్టంగా ఉండాలని మాత్రమే. ఆ రెండూ చవకలోనే దొరుకుతాయి. స్పీకర్లో ‘గుమ్’మనే హమ్ వస్తుంటే చాలాసార్లు కారణం పరికరాల మధ్య ఏర్పడే గ్రౌండ్ లూప్. సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే టీవీ కేబుల్ పీకి చూడండి. హమ్ ఆగితే ఆ దారిలో ఐసొలేటర్ పెట్టాలి తప్ప ఆడియో కేబుల్ మార్చి లాభం లేదు. హమ్ పోతుంది కదా అని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం తీసేయొద్దు, అది ప్రాణాలతో చెలగాటం.

కేబుల్ సంగతి నిజంగా పట్టించుకోవాల్సిన చోటు రికార్డ్ ప్లేయర్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే, పైగా చాలావాటికి కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికోఫారడ్ల దగ్గర ఉండాలి. అది మితిమీరితే పైస్థాయి శబ్దాల తీరు వినపడేంతగా మారుతుంది. అక్కడ కూడా అడగాల్సింది మీటరుకు ఎన్ని పికోఫారడ్లని, ధర ఎంతని కాదు. గది గోడలు, స్పీకర్లు, వాటిని పెట్టిన చోటు పాటను మార్చినంతగా ఏ తీగా మార్చదు. కేబుల్ మీద మిగిలిన డబ్బును మెరుగైన స్పీకర్లకు, కిటికీకి మందపాటి కర్టెన్‌కు, పాటల అసలు సీడీలకు పెట్టండి. కృష్ణానగర్ గదుల్లో సౌండ్ ఇంజినీర్లు రాత్రింబవళ్లు పడ్డ శ్రమ మన చెవి దాకా చేరేది వాటి వల్లే.