కల్లే సారూ, ఇంకేం లేదు

డీ-అడిక్షన్ కౌన్సెలింగ్‌కు వచ్చిన ఇల్లాలిని "ఏం తాగుతడమ్మా?" అని అడిగితే కరీంనగర్ వైపు తరచూ వినపడే జవాబు: "కల్లే సారూ, ఇంకేం లేదు." నా పని అక్కడే మొదలవుతుంది. చెట్టు కల్లా, దుకాణంలో సీసా కల్లా? అందులో డైజీపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిస్తే, ఆ మనిషి కల్లు పేరుతో రోజూ నిద్రమందు మింగుతున్నట్టే లెక్క. డోసెంతో అమ్మేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు. అది ఉన్నట్టుండి ఆగితే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో చూశాం. కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి, మందు దొరకలేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆస్పత్రులకు చేరారు.

అందుకే "మానెయ్" అనే మాట నేను తొందరపడి అనను. ముందు ఇంటివాళ్లకు చెప్పాలి. నిద్ర పట్టకపోయినా, ఒంటి మీద లేని పురుగులు ఏరుకుంటున్నా గాలి సోకిందని తాయెత్తు కోసం తిరగొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెడితే తగ్గదు, నోట్లో చెంచా అసలే వద్దు. 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. సలహాకైతే 14446 ఉంది, డబ్బులు పడవు. ఇదంతా వింటున్న అత్త "గిన్నేండ్లు తాగినోడు నాల్గు దినాలు ఓర్సుకోడా?" అంటుంది. ఆమెతో వాదన ఎందుకు? ఆ నాలుగు రాత్రులు మేలుకొని ఎవరుంటారో అడుగుతాను.

తాగేది మగవాళ్లేనన్న లెక్క కూడా మా దగ్గర కుదరదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దుగూకాక ఓ సీసా తాగడం వింతేం కాదు. మొగుని ముందు అడిగితే నోరు విప్పరు. ఒంటరిగా అడిగితే "నడుం గుంజుతది, అందుకే" అంటారు. అది సాకు కాదు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని వంగి కూర్చున్న నడుముకు ఏ దారీ చూపకుండా సీసా మానమంటే, ఆమె రెండోసారి మా గడప తొక్కదు.

ఆదిలాబాద్‌లో కథ ఇంకోటి. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో ఇప్పసారా దేవుడికి పోసేది. ఇప్పచెట్టే వాళ్లకు దేవుడితో సమానం. అలాంటిచోట "సారా ముట్టకండి" అని కరపత్రం పంచితే దేవుణ్ణి విడవమన్నట్టే వినపడుతుంది. అందుకని తాగే మనిషి కన్నా ముందు గూడెం పటేల్ దగ్గర కూర్చుంటాను. మానేసినవాడు పూజలో ధార పోసి, తాను తాగకుండా దొప్ప పక్కవాడికి అందిస్తే తప్పేమైనా ఉందా అని అడుగుతాను. ఆయన లేదంటే సగం పని అయినట్టే, ఎవరూ వాణ్ణి ఎగతాళి చేయరు. కాదంటే ఇంకోసారి బస్సెక్కి రావాల్సిందే.