పైచేయి ఎవరిది, జబర్దస్తీ ఎవరిది?

ఇంగ్లీషు మాటను మన విమర్శకుల్లో ఒకరు 'హెజిమొనీ' అంటారు, ఒకరు 'హెగెమనీ' అంటారు. ఇంగ్లీషులోనే రెండు ఉచ్చారణలూ ఉన్నాయి కాబట్టి స్పెల్లింగు తగాదా పెద్దది కాదు. తగాదా అంతా అర్థంతోనే. గ్రీకు మూలంలో అది నాయకత్వం. అణగినవాళ్ల చేతనే 'ఇదే న్యాయం' అనిపించే పాలనకు గ్రాంసీ ఆ మాట వాడాడు. 'డామినేషన్' అంటే బలంతో తొక్కడం. మనవాళ్లు రెంటికీ 'ఆధిపత్యం' అనే రాస్తారు. కొందరు 'ఆధిక్యత' అంటారు. అధికంగా ఉండటం లెక్క, అధిపతిగా ఉండటం పెత్తనం. మెజారిటీ అనే లెక్క ఎప్పుడు పెత్తనమవుతోందని అడగాల్సిన చోటే ఈ మాటలు కలగాపులగమవుతున్నాయి.

ఇక మా కడప మాటలు చూడండి. 'జబర్దస్తీ' పార్శీ నుంచి వచ్చింది. జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. అచ్చంగా మన 'పైచేయి'! ఉర్దూలో జబర్దస్తీ బలవంతమైతే, జబర్దస్త్ మెచ్చుకోలు కూడా. తెలుగులో పైచేయి గెలుపైంది, జబర్దస్తీకి దౌర్జన్యమే మిగిలింది. మెచ్చుకోలు ముఖం 2013లో టీవీ హాస్య కార్యక్రమం పేరుగా ఇంటింటికీ వచ్చింది. 'జులుం' అరబ్బీ మాట. అది పీడించేవాడి గొప్ప కాదు, పీడన పడ్డవాడి ఫిర్యాదు.

కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువు, 1854లో మిశ్రభాషా పదాలకు వేరే నిఘంటువు అచ్చేయించాడు. కచేరి కాగితాలు చదవాల్సిన దొరలకు అది అక్కర. మరి మనకెందుకు ఆ గోడ? మన వ్యాకరణం ఈ మాటలన్నింటినీ 'అన్యదేశ్యం' అంది. 'రైతు' అరబ్బీ 'రయ్యత్' నుంచి వచ్చింది. రైతును పరాయి దేశంవాడని ఎవరైనా అంటారా? జిల్లా మనది, తాలూకా మనది, వసూలు మనది. జులుం, జబర్దస్తీ దగ్గరికొచ్చేసరికే తురక వాసన గుర్తొస్తుంది.

'పెత్తందారు'ను విడదీయండి. పెత్తనం తెలుగు, 'దారు' పార్శీ. సీమ పల్లెల్లో ఆ పేరు మోసినవాళ్లు ఎక్కువగా రెడ్లు, కరణాలు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్లకు ఆ మాటలో సగం వాటా కూడా రాలేదు.

2005లో సర్కారు ఇంగ్లీషులో 'కుడ్డపా' కొట్టేసి 'కడప' అని రాసింది. ఊరి పేరు సరిదిద్దడానికి ఒక ఉత్తర్వు చాలింది. మాట మీది పరాయి ముద్ర ఉత్తర్వుతో పోదు. ఆధిపత్యం మీద పుస్తకాలు రాసే మిత్రులు ముందు తమ నిఘంటువును విప్పి చూడాలి. అందులో అన్యదేశ్యమని రాసినచోట మేమున్నాం, ఈ నేల మీదే.