బొమ్మ పడే ముందు చీకటి

కడప జిల్లా మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి. కడప, ప్రొద్దుటూరు, బద్వేలు, నంద్యాల దోవలన్నీ అక్కడ కలుస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో పసుపు, ఉల్లి పండించే వాళ్లు పొద్దుగూకాక ఆ దోవల్లోనే సినిమాకు వచ్చేవాళ్లు. సీట్లో కూర్చున్నాక ఘంటసాల గొంతులో వెంకటేశ్వరుడి పాట మొదలయ్యేది. తెర ముందున్న గుడ్డ కుచ్చులు కుచ్చులుగా పైకి లేచేది. పాట ముగిసేసరికి లైట్లు ఒక్కో వరుసే ఆరేవి, ఈలలు లేచేవి. అంత వరసగా చీకటి పడుతోందంటే వెనక క్యాబిన్లో ఆపరేటర్ చెయ్యి స్విచ్చుల మీద ఉన్నట్టు.

ఫిల్ము రోజుల్లో ఆ చేతికి పని తక్కువేమీ కాదు. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. 2000 అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోతుంది. తెర కుడి పైమూలన మొదటి చుక్క కనబడగానే రెండో మిషను మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క పడగానే బొమ్మను అటు మార్చాలి. ఈ హడావిడిలోనే ఇంటర్వెల్ కార్డుకు లైట్లు వేయాలి. కథ తేలి, కుటుంబమంతా వరుసగా నిలబడి నవ్వే ఆఖరి ఫ్రేము రాగానే జనం లేస్తారని తెలుసు కాబట్టి, శుభం కార్డు పడేలోపే సగం లైట్లు వెలిగించాలి. ముందు వేస్తే రసభంగం, ఆలస్యమైతే మెట్ల మీద తొక్కిసలాట.

చూసేవాళ్ల మనసుకు తగ్గట్టు వెలుగును నడిపే విద్య ఈ జిల్లాలో సినిమా కంటే పాతది. 1885లో వనారస గోవిందరావు కీచక వధ నాటకంతో సురభి నాటక సమాజాన్ని మొదలుపెట్టింది కడప జిల్లాలోని సురభి గ్రామంలోనే. రంగస్థలం నుంచి క్యాబిన్‌కు వచ్చిన ఆ విద్య ఇప్పుడు ఒక చిన్న బోర్డులోకి చేరుతోంది.

ఫిల్ము పోయి డిజిటల్ సర్వర్ వచ్చింది. సినిమా, ప్రకటనలు, ట్రైలర్లు వరుసగా పేర్చిన ప్లేలిస్టు దానిలో ఉంటుంది. ఫలానా గంట, నిమిషం, సెకనుకు ఒక ఆజ్ఞ పంపమని ఆ ప్లేలిస్టులోనే రాసిపెట్టవచ్చు. దాన్ని క్యూ అంటారు. కానీ సర్వర్ వెనక పిన్నుల నుంచి వచ్చే కరెంటు కొన్ని మిల్లీయాంపియర్లే. దానితో హాలు లైట్లు వెలగవు. ఈ రెంటికీ మధ్యవర్తి రిలే.

రిలే బోర్డును అరచేతిలో పెట్టుకొని చూడండి. వరుసగా నీలం డబ్బీలు, ఒక్కోదానికి మూడు స్క్రూలు. నడుమ కామన్, ఒక పక్క ఎన్.ఓ., ఇంకో పక్క ఎన్.సి. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కామన్ ఎన్.సి.తో కలిసి ఉంటుంది. కరెంటు ఇస్తే టిక్కుమని ఎన్.ఓ. వైపు తిరుగుతుంది. సర్వర్ సంకేతం నేరుగా కాయిల్‌ను తాకదు. ఆప్టో అనే చిన్న చిప్పులో అటు దీపం వెలిగితే ఇటు గ్రహిస్తుంది. లైట్ల వైపు కరెంటు ఎగిసినా లక్షల విలువైన సర్వర్‌కు తగలకుండా అడ్డుపడే గోడ అది.

డబ్బీ మీద 10 యాంపియర్లని ఉంటుంది. దాన్ని నమ్మి హాలు లైట్లన్నీ దానికే తగిలిస్తే పొరపాటే. ఎల్.ఇ.డి. లైట్లు వెలిగే తొలి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతాయి. ఆ దెబ్బకు రిలే లోపలి కొసలు వెల్డయి అతుక్కుపోవచ్చు. అందుకే రిలే కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చిని నడపాలి, కాంటాక్టరు లైట్లను నడపాలి. 230 వోల్టుల తీగలు ఒక పైపులో, సంకేతం తీగలు వేరే పైపులో పోవాలి. ప్రతి కొసకూ నంబరు వేసి, ఆ నంబర్ల పటం డబ్బా మూత లోపల అతికించాలి. పదేళ్ల తర్వాత అర్ధరాత్రి దాన్ని విప్పే పిల్లవాడికి మనం చేసే మేలు అది.

క్యూలు రాయడంలోనే పాత ఆపరేటర్ పనితనం కనబడుతుంది. ముందు వరుస ఆర్పు, రెండు సెకన్లు ఆగు, నడిమి వరుస ఆర్పు, మళ్లీ ఆగు, ఆఖరున గోడ లైట్లు ఆర్పు. డిమ్మర్ లేకపోయినా మూడు రిలేలతో కళ్లు అలవాటు పడేంత నిదానంగా చీకటి దిగుతుంది. ఇంగ్లీషు సినిమాలు చాలావాటికి ఇంటర్వెల్ ఉండదు. ఏ సీన్ దగ్గర ఆపాలో మనిషి చూసి తేల్చాలి, అక్కడ ఆపే క్యూ, లైట్ల క్యూ పక్కపక్కన పెట్టాలి. సినిమా ముగింపు క్యూ కూడా అంతే. పేర్లు మొదలయ్యే సెకను ప్రతి సినిమాకూ వేరు, ఎవరో ఒకరు చూసి రాయాల్సిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన తీగ. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లేచిన పొగ బాల్కనీని కమ్మేసింది. కరెంటు పోయింది, దారి చూపే ఎమర్జెన్సీ దీపాలు లేవు. 59 మంది చనిపోయారు. ఆ సంగతి తెలిసిన వాళ్లు హాలు లైట్ల కాంటాక్టరును ఎన్.ఓ.కు తగిలించకూడదు, ఎన్.సి.కే తగిలించాలి. అప్పుడు చీకటి కావాలంటే సర్వర్ ఆట ఉన్నంతసేపూ రిలేను పట్టి ఉంచాలి. సర్వర్ చచ్చినా, బోర్డుకు కరెంటు పోయినా, సంకేతం తీగ తెగినా రిలే వదిలేస్తుంది, లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. ఫైర్ అలారం మోగితే సర్వర్ ఆట ఆపి రిలేను వదిలేయాలి. గేటు దగ్గర లైట్లు వేసే చేతి స్విచ్చి ఒకటి ఉండాలి. గేట్ల మీది ఎర్ర దీపాలు, మెట్ల దీపాలు ఏ రిలే కిందా ఉండకూడదు. వాటికి సొంత బ్యాటరీ ఉండాలి.

వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, వచ్చీపోయే కరెంటు ఉన్న మన ఊళ్లలో ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే జాగ్రత్త కాదు. అందుకే పని ముగిశాక ఒక పరీక్ష చేయాలి. ఖాళీ హాల్లో బొమ్మ వేసి, పూర్తిగా చీకటయ్యాక, బోర్డు ప్లగ్గు పీకేయాలి. టిక్కుమని చప్పుడై, సీట్లు, మెట్లు, గేట్లు అన్నీ కనబడితేనే ఆ హాల్లోకి జనాన్ని పిలవాలి.