బాణీ ఒక దారి, మాట ఒక దారి: ది స్మిత్స్ పాటల పనితనం

తెలుగు సినిమా పాట ఎలా పుడుతుందో మనందరికీ కొంత తెలుసు. సంగీత దర్శకుడు బాణీ కట్టి వినిపిస్తాడు. కవి ఆ కొలతకు మాటలు అమరుస్తాడు. ఎక్కడ దీర్ఘం పడాలి, పల్లవి ఎక్కడ తిరిగి రావాలి అన్నది చాలావరకు ముందే ఖాయమై ఉంటుంది. ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో 1982లో మొదలై 1987లో విడిపోయిన ది స్మిత్స్ బృందం ఇంకో పద్ధతిలో పాటలు కట్టింది. గిటారిస్టు జానీ మార్ వాద్యం వరకే పూర్తిచేసి, క్యాసెట్‌కి ఎక్కించి గాయకుడు మోరిసీకి ఇచ్చేవాడు. పాడాల్సిన వరుస అందులో ఉండేది కాదు. ఆ వాద్యం మీద మాటలూ, వాటిని పాడే వరుసా రెండూ మోరిసీ తానే వెతుక్కునేవాడు. వాళ్ల పాటల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. స్మిత్స్ గురించి రాసేవాళ్లు సాధారణంగా మోరిసీ విషాదం గురించో, అతను వేదిక మీద ఊపిన పూల గుత్తుల గురించో రాస్తారు. ఆ బృందం విలువ మాత్రం ఈ పని పద్ధతిలో ఉంది. బాణీ తన దారిన పోతుంది, మాట తన దారిన పోతుంది, రెండూ కలిసినచోట ఒక్కరి వల్ల కాని పాట పుడుతుంది. ‘ఇండీ’ అన్న మాటకు గౌరవం తెచ్చింది ఇలాంటి పనితనమే.

ఆ మాట ఎక్కడిదో ముందు చూడాలి. ఇండిపెండెంట్ అన్నదానికి పొట్టిపేరు ఇండీ. అది మొదట సంగీత శైలికి పెట్టిన పేరు కాదు, వ్యాపార పద్ధతికి పెట్టిన పేరు. 1970ల మధ్య దాకా బ్రిటన్‌లో రికార్డు వేయాలంటే చాలావరకు పెద్ద కంపెనీల గుమ్మం ఎక్కాల్సిందే. మాంచెస్టర్‌కే చెందిన బజ్‌కాక్స్ బృందం 500 పౌండ్లు అప్పు తెచ్చి, నాలుగు పాటల ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డును 1977 జనవరిలో సొంతంగా విడుదల చేసి ఆ గుమ్మం ఎక్కకుండానే పని జరుగుతుందని చూపించింది. లండన్‌లో జెఫ్ ట్రావిస్ 1976లో తెరిచిన రఫ్ ట్రేడ్ దుకాణం 1978కల్లా రికార్డులు వేసే సంస్థ కూడా అయింది. లాభంలో సగం కళాకారులకు, సగం సంస్థకు అన్నది అక్కడి ఒప్పందం. 1980 నుంచి ఇలాంటి సంస్థల రికార్డులకు ప్రత్యేకంగా అమ్మకాల పట్టిక కూడా వచ్చింది. అదే కాలంలో పత్తి మిల్లులు మూతపడిన మాంచెస్టర్‌లో పనులు కరువయ్యాయి. 1982లో బ్రిటన్ నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. చేతిలో ఉద్యోగం లేని కుర్రాళ్లకు తీరిక దొరికింది, పెద్దవాళ్ల అనుమతి అక్కర్లేని దారి ఒకటి కనబడింది.

1982లో 18 ఏళ్ల మార్ ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని స్ట్రెట్‌ఫర్డ్‌లో మోరిసీ ఇంటి తలుపు తట్టాడు. మోరిసీ అతనికంటే నాలుగేళ్లు పెద్ద. పుస్తకాలు, పాత బ్రిటిష్ సినిమాలు, అరవైల నాటి గాయనుల రికార్డులు అతని లోకం. మార్ బడి స్నేహితుడు ఆండీ రూర్క్ బేస్ గిటారుకీ, మైక్ జాయిస్ డ్రమ్స్‌కీ కుదిరారు. నలుగురూ ఐర్లండు వలస మూలాలున్న కుటుంబాల పిల్లలే. జో మాస్ అనే బట్టల వ్యాపారి ఖర్చు పెట్టుకోగా, 1983 ఫిబ్రవరిలో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో ‘హ్యాండ్ ఇన్ గ్లవ్’ రికార్డు చేశారు. దాన్ని మార్, రూర్క్ స్వయంగా లండన్ తీసుకెళ్లి ట్రావిస్ చేతిలో పెట్టారు. మే నెలలో రఫ్ ట్రేడ్ దాన్ని విడుదల చేసింది. అదే నెలలో బీబీసీ రేడియోలో జాన్ పీల్ కార్యక్రమం కోసం వాళ్లు మొదటిసారి రికార్డింగ్‌కి వెళ్లారు. ఒక్క రోజులో నాలుగు పాటలు పూర్తిచేసి రావడం అక్కడి రివాజు. సాగదీయడానికి సమయం ఉండేది కాదు కాబట్టి ఏది ముఖ్యమో ముందే తేల్చుకుని వెళ్లాల్సి వచ్చేది. అలాంటి బీబీసీ రికార్డింగులే 1984లో ‘హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో’ సంకలనానికి ఆయువుపట్టు అయ్యాయి. స్టూడియోలో తీరిగ్గా చేసిన తొలి ఆల్బం కంటే వాటినే ఇష్టపడే శ్రోతలు ఇవాళ్టికీ ఉన్నారు.

ఇక మార్ చేతి పని. అప్పటి రాక్ సంగీతంలో గిటారిస్టు అంటే రెండు పనులు: గట్టిగా తీగలన్నీ కలిపి బాదడం, పాట మధ్యలో ఒక్కడే ముందుకొచ్చి ప్రతాపం చూపించడం. మార్ ఈ రెంటినీ చాలావరకు పక్కన పెట్టాడు. ఒక కార్డ్‌లోని, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులోని, స్వరాలను కలిపి కొట్టకుండా ఒక్కొక్క తీగే విడిగా మీటుతూ పోతాడు. దానివల్ల తాళానికి తోడుగా ఉండాల్సిన వాద్యం తానే ఒక వరుస అయిపోతుంది. గిటారు మెడ మీద తీగలను నొక్కిపట్టే కేపో బిగించి, కొన్నిసార్లు తీగల శ్రుతినే పైకి జరిపి గిటారుకు గలగలమనే మెరుపు తెచ్చుకున్నాడు. 1983 చివర్లో వచ్చిన ‘దిస్ చార్మింగ్ మ్యాన్’ విన్నప్పుడు ఒక్క గిటారు పరుగెడుతున్నట్టు అనిపిస్తుంది. రికార్డింగ్‌లో ఉన్నవి దాదాపు పదిహేను పొరలు. ఒక పొర కోసం మార్ టెలికాస్టర్ గిటారు తీగల మీద లోహపు పిడి ఉన్న కత్తిని జారవిడిచి ఆ ఖణేల్‌మనే శబ్దాన్ని టేపుకు ఎక్కించాడు. వింటున్నవాడికి ఆ కత్తి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పాటకు ఎక్కడో ఒక తళుకు తగిలినట్టు ఉంటుంది, అంతే. పదిహేను పొరలు వేసి కూడా మూడు నిమిషాల లోపు పాటను తేలికగా ఉంచగలగడం మామూలు సంయమనం కాదు.

వాద్యమే ఒక వరుసను మోస్తున్నప్పుడు గాయకుడికి ఒక స్వేచ్ఛ వస్తుంది. బాణీని నిలబెట్టే బరువు అతని మీద ఉండదు. మోరిసీ ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నాడు. అతని వాక్యం కొలత దగ్గర ఆగదు, తర్వాతి కొలతలోకి పొర్లిపోతుంది. పల్లవి వస్తుందనుకున్న చోట రాదు. ‘హౌ సూన్ ఈజ్ నౌ?’ అన్న పేరు ఆ పాటలో ఎక్కడా వినిపించదు. అతని మాటల్లో ఉత్తర ఇంగ్లండు వంటగదుల్లో, బస్ స్టాపుల్లో వినిపించే మాట తీరు ఉంటుంది. సాల్ఫర్డ్ రచయిత్రి షీలా డిలేనీ 1958లో ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ నాటకంతో వేదిక ఎక్కించిన పలుకుబడికి అది వారసత్వం. ఆ రుణాన్ని దాచుకోకుండా ఆమె ఫొటోనే రికార్డు అట్ట మీద వేశారు. ఆ మాటలు కింద పరుగెత్తే గిటారుతో ఏకీభవించవు. 1987 నాటి ‘గర్ల్‌ఫ్రెండ్ ఇన్ ఎ కోమా’ పేరులోనే మరణశయ్య ఉంది, వాద్యం మాత్రం వేసవి మధ్యాహ్నంలా హాయిగా సాగుతుంది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మాటకు తగ్గ బాణీ, బాణీకి తగ్గ మాట అనుకుంటూ సరిచేసుకుని ఉంటే ఈ పాట శోకగీతమో హాస్యగీతమో అయిపోయేది. దుఃఖం, దాన్ని ఒప్పుకోని మొహమాటం రెండూ ఒకే పాటలో వినిపించడానికి కారణం ఆ ఎడమే.

ఈ పనితనాన్ని దగ్గరగా చూడాలంటే ‘హౌ సూన్ ఈజ్ నౌ?’ రికార్డింగును మించిన ఉదాహరణ లేదు. 1984 వేసవిలో లండన్‌లోని జామ్ స్టూడియో. నిర్మాత జాన్ పోర్టర్. పాట మొదటి క్షణం నుంచీ వినిపించే ఆ వణికే గిటారు ట్రెమొలో వల్ల వస్తుంది. ట్రెమొలో అంటే శబ్దం లయగా పెరుగుతూ తగ్గుతూ ఉండేలా ఆంప్లిఫయర్‌లో చేసిన ఏర్పాటు. ముందు మార్ మామూలుగా వాయించిన గిటారును టేపు మీద ఉంచుకుని, దాన్నే నాలుగు ఫెండర్ ట్విన్ ఆంప్లిఫయర్ల గుండా మళ్లీ పంపించారు. వణుకు వేగాన్ని డ్రమ్స్‌తో కలిపి ఉంచే యంత్రం వాళ్ల దగ్గర లేదు. పోర్టర్ ఒక పక్క, మార్ ఇంకో పక్క కూర్చుని చేత్తో మీటలు తిప్పుతూ లయ పట్టుకున్నారు. కొన్ని సెకన్లకే అది తప్పిపోతుంది. టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. దాదాపు ఏడు నిమిషాల పాట పొడవునా అలా ముక్కముక్కగా పేర్చారు. దాని మీద ఈల వేసినట్టు జారే స్లైడ్ గిటారు చేరింది. అడుగున తంబూరలా దాదాపు ఒకే కార్డ్ నిలబడి ఉంటే, మోరిసీ గొంతు తొందర లేకుండా ఒంటరితనం గురించి పాడుతుంది. చేతులతో లయ పట్టుకున్నందువల్ల ఆ వణుకులో ఊపిరి ఉంది. నలభై ఏళ్లు గడిచినా ఆ శబ్దం పాతబడకపోవడానికి ఆ ఊపిరే కారణం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఇది ఇద్దరి పనే అయితే మిగతా ఇద్దరి సంగతేమిటి? రూర్క్ బేస్ గిటారు వింటే జవాబు దొరుకుతుంది. ‘బార్బరిజం బిగిన్స్ ఎట్ హోం’లో ఫంక్ నడకతో పాటనంతా లాక్కుపోయేది అదే. మార్ గిటారు పైన గలగలలాడుతుంటే, కింద ఇంకో పూర్తి వరుస అల్లినవాడు రూర్క్. ఆడంబరం లేకుండా జాయిస్ ఇచ్చిన తాళం లేకపోతే గొంతు, గిటారు, బేస్ మూడు వరుసలూ చిక్కుపడిపోయేవి. అయినా రికార్డుల మీద, ప్రదర్శనల మీద వచ్చే ఆదాయంలో మోరిసీ, మార్ చెరో 40 శాతం తీసుకుంటే వీళ్లకు దక్కింది తలా 10 శాతం. జాయిస్ కోర్టుకు వెళ్లాడు. 1996లో లండన్ హైకోర్టు అతనికి సమాన వాటా, అంటే 25 శాతం రావాలని తీర్పు చెప్పింది. అప్పీలులోనూ అదే నిలిచింది. ఈ తీర్పు స్మిత్స్ కీర్తికి మచ్చే. నా వాదనకు మాత్రం అది బలం. ఆ సంగీతం నలుగురి చేతుల మీదుగా తయారైందన్న సంగతిని పంపకంలో మరిచిపోయారు, పాట మరిచిపోలేదు.

వ్యాపారం గురించి కూడా ప్రశ్న ఉంది. స్మిత్స్ చివరికి రఫ్ ట్రేడ్‌ను వదిలి ఈఎంఐ అనే పెద్ద కంపెనీకి సంతకం చేశారు. ‘ది క్వీన్ ఈజ్ డెడ్’ ఆల్బం రఫ్ ట్రేడ్‌తో తగాదా వల్ల నెలల తరబడి ఆగి 1986 జూన్‌లో గానీ రాలేదు. ‘హౌ సూన్ ఈజ్ నౌ?’ అంతటి పాటను కూడా మొదట ఇంకో పాట వెనకవైపు వేశారు. మరి స్వతంత్ర సంస్థ గొప్ప ఏమిటి? సంస్థ చిన్నదైనంత మాత్రాన దాని తీర్పు పెద్దదైపోదు, నిజమే. కానీ అది ఇచ్చినదేమిటో కూడా లెక్కలోకి తీసుకోవాలి. పల్లవి లేదని పాటను ఎవరూ తిప్పి పంపలేదు. అట్టల మీద బృందం మొహాలే ఉండాలని ఎవరూ పట్టుబట్టలేదు కనుకే మోరిసీ పాత సినిమాల స్టిల్స్‌తో అట్టలు రూపొందించాడు. ‘ది క్వీన్ ఈజ్ డెడ్’ మీద ఉన్నది ఫ్రెంచ్ నటుడు అలెన్ డెలాన్ బొమ్మ. ‘హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో’ అట్ట మీద 3 పౌండ్ల 99 పెన్స్‌కు మించి చెల్లించవద్దని అచ్చువేశారు. 1985లో ‘మీట్ ఈజ్ మర్డర్’ బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఎవరి అభిరుచికీ తల వంచకుండా చేసిన పని జనానికి చేరుతుందని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మోరిసీ మనిషిగా తర్వాత ఏమయ్యాడన్నది. వలసల మీద, జాతుల మీద అతను చేసిన వ్యాఖ్యలు, 2018లో తీవ్ర మితవాద పార్టీకి పలికిన మద్దతు చాలామంది అభిమానులను గాయపరిచాయి. వలస కుటుంబాల పిల్లలే కట్టిన బృందం కాబట్టి ఆ గాయం ఇంకా లోతుగా తగిలింది. ఆ మాటలను సమర్థించాల్సిన అవసరం ఎవరికీ లేదు, మన్నించాల్సిన అవసరమూ లేదు. అయితే ఆ పాటలను అతని ఒక్కడి ఆస్తిగా లెక్కగట్టి పారేస్తే కోర్టు సరిచేసిన పొరపాటునే మనం మళ్లీ చేసినట్టు అవుతుంది. మాటల వెనక గిటారు ఉంది, గిటారు కింద బేస్ ఉంది. 2023 మేలో క్యాన్సర్‌తో కన్నుమూసిన రూర్క్ పని మోరిసీ రాజకీయాలకు జవాబుదారీ కాదు.

మార్ 1987 వేసవిలో బృందం వదిలాడు. నాలుగో ఆల్బం ‘స్ట్రేంజ్‌వేస్, హియర్ వి కమ్’ సెప్టెంబరులో బయటికి వచ్చేనాటికి బృందమే లేదు. ఈఎంఐకి ఒక్క పాట కూడా ఇవ్వలేదు. మిగిలింది నాలుగు స్టూడియో ఆల్బములు, సుమారు 70 పాటలు, అయిదేళ్ల పని. తీగలను విడివిడిగా మీటుతూ కూడా రాక్ వాయించవచ్చని తర్వాతి తరం గిటారిస్టులకు నేర్పింది ఆ పనే. ఈ మాటను నమ్మకం మీద తీసుకోనక్కర్లేదు. ‘దిస్ చార్మింగ్ మ్యాన్’ రెండుసార్లు వినండి. మొదటిసారి గొంతు మీద దృష్టి పెట్టకుండా గిటారు ఎటు పోతోందో, బేస్ ఎటు పోతోందో గమనించండి. రెండోసారి గొంతుతో కలిపి వినండి. మూడు దారులూ ఒకదాన్నొకటి అడ్డుకోకుండా ఎక్కడ కలుస్తున్నాయో మీ చెవికే తెలుస్తుంది.