గుప్పెడు ఎర్ర పండ్లు

శనివారం పొద్దున పక్కింటి అమ్మాయి తలుపు తట్టి, రుమాలు మూటొకటి నా చేతిలో పెట్టింది. "అరకు నుంచి మీ కోసమే తెచ్చాను అంకుల్, విప్పండి" అంది. విప్పితే గుప్పెడు కాఫీ పండ్లు. వాక్కాయంత ఉన్నాయి, ఎర్రగా, నున్నగా. కొన్నిటికి తొడిమలు కూడా ఊడలేదు. ముప్పయ్యేళ్లుగా కంచన్‌బాగ్‌లో ఉంటున్నాను. మిధానికీ డీఆర్‌డీఎల్‌కీ డ్యూటీకి వెళ్లేవాళ్లు గేటు చేరేలోపు ఒక ఇరానీ చాయ్ తాగి కదిలే చోటు ఇది. ఇక్కడ కాఫీ అంటే నాలాంటి కొద్దిమంది వంటింట్లో ఫిల్టరూ పొడి డబ్బానే. పండు ఈ వీధిలోకి రావడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఒకటి చిదిమి నాలుక మీద పెట్టుకుంటే పల్చని తీపి తగిలింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. 2025లో అరకు తోటల్లో బెర్రీ బోరర్ కనబడింది. నువ్వుగింజ కంటే చిన్న నల్లని పురుగు. కాయ బొడ్డు దగ్గర సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి పోతుంది, గింజలోనే గుడ్లు పెడుతుంది. మన దేశంలో దాన్ని మొదట చూసింది 1990లో, నీలగిరుల్లోని గూడలూరులో. కొమ్మన మిగిలిన కాయా, నేల రాలిన కాయా దానికి కాపురం. గోనె సంచుల్లో ఎక్కి ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతుంది. మన హైదరాబాద్‌లో కాఫీ తోటల్లేవు కనుక ఇక్కడ భయం లేదు. కానీ ఈ మూట ఎన్ని ఊళ్ల మీదుగా వచ్చింది? కొండకు వెళ్తే నడవండి, చూడండి, దేన్నీ ముట్టుకోకండి అని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఈ వారం కూడా ఆ మాటే ఇంకాస్త గట్టిగా రాద్దామని కూర్చున్నాను.

రాయబోతే నా సొంత డిసెంబరు ఒకటి గుర్తుకొచ్చింది. తొంభైల మొదట్లో సంగతి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లి, మర్నాడు కిరండూల్ పాసింజరెక్కాను. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. సొరంగాల్లోంచి చీకటీ వెలుగూ మారుతూ శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అరకులో ఒక మిత్రుడు కలిశాడు. ఇద్దరం పాడేరు వైపు బస్సులో పోయి, దిగి, రెండు గంటలు నడిచి ఒక ఊరు చేరాం. బారెడు పొద్దెక్కినా మంచు విడలేదు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి చుట్టుకుని మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. ఒకప్పుడు అదంతా పోడు భూమి. అడవి కొట్టి కాల్చే సేద్యం మానిపించడానికి ప్రభుత్వం ఇచ్చిన మొక్కలవి.

తోట యజమానురాలు పెద్దావిడ. పిల్లలతో ఆదివాసీ ఒరియాలో, మాతో తెలుగులో మాట్లాడేది. సరదాపడి నేనూ ఒక బుట్ట అడిగాను. చేతికందినవన్నీ దూసేశాను. ఆమె నా బుట్ట తీసుకుని మాట్లాడకుండా నేల మీద పోసి, పచ్చివీ దోరవీ ఏరి పక్కన పెట్టింది. తర్వాత అంది: "పచ్చిది కలిస్తే మొత్తం పాడైపోద్ది బాబూ. ఎర్రదే కొయ్యండి, ఒక్కొక్కటి." ఒకే కొమ్మ మీద పువ్వంతా ఒక్కసారి పూయదు, వాన పడినప్పుడల్లా కొంత పూస్తుంది. అందుకే పండు కూడా విడతలుగానే ఎర్రబడుతుంది. అదే మొక్క దగ్గరికి ఆమె ఆ చలికాలంలో మూడు నాలుగుసార్లు తిరిగి రావాలి. సాయంత్రం పల్పర్ తిప్పి తోలు తీశారు. గింజ చుట్టూ ఉన్న జిగురు వదలడానికి రాత్రంతా తొట్టెలో ఉంచి, పొద్దున కాలవలో కడిగి, గంటగంటకూ తిరగేస్తూ ఎండబెట్టారు. ఆరు కిలోల పండ్లకు దాదాపు ఒక కిలో గింజ. ఆ లెక్క తెలిశాక నా ఇత్తడి ఫిల్టరులో ఒక చెంచా పొడి కూడా వృథా పోనివ్వలేదు. చికోరీ మీద నా కోపం పుట్టిందీ ఆ ఊళ్లోనే. అంత జాగ్రత్తగా ఏరిన గింజలో వేరు ముక్కల పొడి కలపడానికి ఇప్పటికీ నాకు చేతులు రావు.

1898లో పాములేరు లోయలో తెల్లవాళ్లు నాటినప్పుడు ఈ మొక్కకు ఊరూ పేరూ లేవు. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరంతా ఎర్రదేదో పచ్చిదేదో చూసి కోసే వేళ్ల మీద నిలబడి ఉంది.

సాయంత్రం ఆ అమ్మాయిని మళ్లీ పిలిచి, పురుగు సంగతి చెప్పాను. మొహం చిన్నబోయింది. "తెలియదు అంకుల్. ఒక పూటంతా తోటలో కోయించారు. నా బుట్టలోంచి పచ్చివి తీసేసి చూపించారు. వంజంగిలో మబ్బులు చూశాను, బొర్రా గుహలు చూశాను. ఫోన్లో అవన్నీ ఉన్నాయి. కానీ ఇంట్లో అందరికీ చెప్తున్నది మాత్రం ఈ బుట్ట గురించే" అంది.

నేను రాయాలనుకున్న మాట అక్కడ ఆగిపోయింది. ముట్టుకోకుండా ఉండి ఉంటే నాకూ ఆ తోటలో మంచు తప్ప ఇంకేం గుర్తుండేది కాదు. ఇన్నేళ్లు ఈ చోట రాసింది ఈ వారం వెనక్కి తీసుకుంటున్నాను. అరకు వెళ్లేవాళ్లు, తోటవాళ్లు ఒప్పుకుంటే, ఒక పూట కోయండి. ఆ పూటకు డబ్బులివ్వండి. పండ్లన్నీ వాళ్ల బుట్టలోనే పోసి, సంచీ తోటలోనే దులిపి, ఖాళీ చేతులతో దిగండి. తెచ్చుకోవాలంటే వేయించిన గింజ తెచ్చుకోండి.

పండ్లలో పురుగు ఉంటే చావాలని గిన్నెలో నీళ్లు మరిగించాం. పండ్లు తనే వేసింది. తోలు పగిలి గింజలు జంటలుగా బయటపడ్డాయి, కాఫీ వాసన మాత్రం రాలేదు. ఒకదాంట్లో జంట లేదు, ఒక్కటే గుండ్రని గింజ. పీబెర్రీ అని చూపించాను. దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది: "మీరు అప్పుడు ఎన్ని కిలోలు కోశారు అంకుల్?"

"పచ్చివి తీసేశాక రెండు కిలోలు."

"నేను నాలుగు" అంది.