రాతి బొంతు, గాలపు వేట

బహుదా నది కడలిలో కలిసే సోనేపూర్ మొదలు గోపాలపూర్ దాకా గంజాం తీరం దాదాపుగా ఇసుక తీరమే కావడం వల్ల, రాళ్ల సందుల్లో కాపురముండే చేపను పట్టదలచిన తెలుగు మత్స్యకారుడికి అడుగున రాయి ఎక్కడున్నదో తెలిసి ఉండాలి. అటువంటి చోట వల వేస్తే చిరిగి చేతికొస్తుంది కాబట్టి అక్కడ పనికొచ్చేది గాలమే.

ఆ గాలానికి చిక్కే బొంతులలో, అంటే గ్రూపర్ చేపలలో, చిన్నదైన సెఫలోఫోలిస్ ఫార్మోసాను ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చూసి, 1803లో వెలువరించిన రెండు వందల చేపల గ్రంథంలో ‘రాతి బొంతు’ అన్న తెలుగు పేరుతోనే నమోదు చేయగా, దానికి లాటిన్ పేరు 1812లో గాని రాలేదు. సుమారు 34 సెంటీమీటర్లకు మించని గోధుమరంగు దేహం మీద సన్నని నీలిగీతలు బారులు తీరి రెక్కల మీదికీ పాకుతాయి. వెన్నురెక్కలో ముళ్లు తొమ్మిదైతే అది సెఫలోఫోలిస్ ప్రజాతి, అంటే దగ్గరి బంధువులైన జాతుల సముదాయం. పదకొండైతే సాధారణంగా ఎపినెఫెలస్ ప్రజాతి. లెక్కకు వేలికొన చాలు గాని, చేప బతికుండగా ఆ సాహసం చేయకపోవడమే మేలు.

బురద కలిసిన నీటిలోని లోతు తక్కువ రాతి దిబ్బలు దీని నివాసం. అక్కడ మాటువేసి, దగ్గరకొచ్చిన చిన్నచేపనో రొయ్యనో పెద్దనోటితో ఒక్కసారిగా లోనికి పీల్చుకోవడం బొంతుల పద్ధతి. ఈ కుటుంబంలో చాలా జాతులు మొదట ఆడవిగా గుడ్లు పెట్టి, పెరిగిన తరువాత మగవిగా మారతాయి. దీన్నే ప్రోటోజైనీ అంటారు. ట్రాలు వలతో పోలిస్తే గాలం నిరపాయకరమైనదన్న అభిప్రాయం ఇక్కడే కొంత బలహీనపడుతుంది, ఎందుకంటే పెద్ద గాలానికి పెద్ద చేప, అంటే తరచుగా మగది, ముందు తగులుతుంది. చిన్న గాలం వేస్తే ఇంకా గుడ్డు పెట్టని పిల్ల వస్తుంది. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అమలయ్యే 61 రోజుల వేట నిషేధం ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు వర్తించదు కాబట్టి, వాటి మీద నుంచి వేసే గాలానికి ఆ విరామం కూడా లేదు. గాలం పరిమాణం గురించి వాదించుకోవడం కన్నా, ఒకే రాతి దిబ్బ మీద వరుసగా వేటాడకుండా తావులు మార్చడమే ఈ చేపకు ఎక్కువ మేలు చేసే పద్ధతిగా కనబడుతుంది.