పెంక మీది రొట్టె

మహబూబ్‌నగర్‌లో పొద్దుగూకితే రోడ్డు పక్కన రొట్టెల పొయ్యిలు రాజుకుంటాయి. మసిలే నీళ్లు పోసి పిసికిన జొన్నపిండి ముద్దను, పొడిపిండి చల్లి అరచేత్తో తట్టుతూ తిప్పుతుంటే చూస్తుండగానే పళ్లెమంత అవుతుంది. గోధుమపిండిని సాగదీసే గ్లూటెన్ జొన్నలో లేదు. అందుకే ఆ వేడినీళ్లు, అందుకే అంత చేతిపని. కాస్త ఆలస్యమైతే అంచు పగులుతుంది. పెంక మీద వేశాక తడిచేత్తో పైన నీళ్లు రాసి, అవి ఇంకగానే తిరగేస్తారు.

"అక్కా, జల్ది నాలుగు కట్టు."

"ఆగు బిడ్డా, పెంక కాగాలె గదా."

ఇటు బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, అటు చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ పోయే 65వది. రెండింటి మీదా ఊరూరా బ్రాంచీలున్న హోటళ్లు వెలిశాయి. వాటిని తిట్టను, శుభ్రమైన బాత్‌రూం కోసం నేనూ ఆగేవాణ్నే. కాకపోతే అక్కడి దోశ ఎక్కడ తిన్నా ఒకటే. రొట్టె అట్లా కాదు. ఒకరిది పలుచన, ఇంకొకరిది మందం. ఎల్లిపాయ కారం ఒకచోట మండిస్తుంది, పక్క పొయ్యి దగ్గర ఉప్పెక్కువ. మెత్తగా ఉంచాలా, గట్టిగా కాల్చాలా అని అడిగి మరీ చేస్తారు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మహబూబ్‌నగర్ ఇళ్లలో జొన్నరొట్టె అంతకు చాలా ముందునుంచీ రోజూ తినే తిండే. ఇప్పుడు షుగరొచ్చినవాళ్లు స్కూటర్ ఆపి కట్టించుకుంటున్నారు. పాత పేపర్లో చుట్టిన ఆ పొట్లం ఇల్లు చేరేదాకా చేతికి వెచ్చగా తగులుతూనే ఉంటుంది.